నడుము నొప్పి మాత్రలు: లెక్క తప్పితే కిడ్నీకి ముప్పు



"నడుము గుంజుతోంది సార్, ఒక సూది వెయ్యండి, నాలుగు గోళీలు రాయండి." దవాఖానలో తరచుగా వినబడే మాట ఇది. నొప్పితో ఉన్న మనిషి ఉపశమనం కోరుకోవడంలో తప్పు లేదు. నొప్పి మాత్ర కూడా చెడ్డది కాదు. సరైన మనిషికి, సరైన మోతాదులో, సరైన రోజులపాటు ఇస్తే అది మేలే చేస్తుంది. కానీ లెక్క లేకుండా నెలల తరబడి మింగితే, నడుముకు వేసుకున్న మందు కడుపునూ కిడ్నీలనూ దెబ్బతీస్తుంది. ఈ నెల పాఠంలో ఆ సంగతి తెలుసుకుందాం.

ఒక ఉదాహరణ

యాభై ఏళ్ళు దాటిన ఒక అమ్మ అనుకోండి. చిన్ననాటి నుండి నాట్లు, కలుపు, పత్తి ఏరడం. నడుము నొప్పి మొదలైంది. ఒకసారి డాక్టరు గారు ఐదు రోజులకు మాత్రలు రాశారు. తగ్గింది. పని మొదలుపెట్టగానే మళ్ళీ వచ్చింది. ఈసారి దవాఖానకు పోలేదు. పాత చీటీ మెడికల్ షాపులో చూపించి పది గోళీలు తెచ్చుకుంది. ఐదు రోజుల చీటీ అలా రెండేళ్ళు నడిచింది. మధ్యలో బీపీ మాత్ర కూడా చేరింది. ఒక ఎండాకాలంలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అప్పుడు కూడా నొప్పి గోళీ మానలేదు. తరువాత కాళ్ళు వాచాయి, ఆకలి పోయింది, మూత్రం తగ్గింది. రక్త పరీక్షలో క్రియాటినిన్ బాగా పెరిగింది. "నాకు నడుము నొప్పి తప్ప ఏ రోగమూ లేదు కదా" అని ఆ అమ్మ అడుగుతుంది.

ఇందులో ఆమె తప్పు ఎంత? ఆ మాత్ర ఏం చేస్తుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ పాఠం.

మన ప్రాంతంలో నడుము నొప్పి ఎందుకు ఎక్కువ?

మొదటి కారణం కష్టం. పాత పాలమూరు జిల్లా నుండి మట్టి పనికి, రాళ్ళ పనికి, కట్టడాల పనికి దేశమంతా వలస వెళ్ళినవారు ఉన్నారు. వంగి బరువులెత్తే పని ఏళ్ళ తరబడి చేస్తే నడుము అరుగుతుంది.

రెండవ కారణం నీరు. పాత నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీరు ఏళ్ళ తరబడి తాగితే అది ఎముకల్లో చేరుతుంది. వెన్నుపూసల మధ్య కట్లు గట్టిపడతాయి. నడుము, మెడ వంగవు. కొందరిలో వెన్నులోని నరాల దారి ఇరుకై కాళ్ళు బలహీనపడతాయి.

2016లో మొదలైన మిషన్ భగీరథ ద్వారా నదుల నీరు ఊళ్ళకు వచ్చింది. దీనివల్ల కొత్త తరానికి చాలా మేలు. కానీ ముప్పై, నలభై ఏళ్ళు బోరు నీరు తాగినవారి ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ ఒక్కసారిగా పోదు. వారి నొప్పి ఐదు రోజుల నొప్పి కాదు, జీవితాంతం వెంట ఉండే నొప్పి. అందుకే మాత్రల లెక్క తప్పే ప్రమాదం మన దగ్గర ఎక్కువ.

నొప్పి మాత్ర ఎలా పని చేస్తుంది?

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నిమెసులైడ్, పైరాక్సికామ్, ఎటోరికాక్సిబ్ ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందిన మందులు. మీకు తెలిసిన వోవెరాన్, బ్రూఫెన్, కాంబిఫ్లామ్ ఈ కుటుంబానివే.

దెబ్బ తగిలిన చోట మన శరీరం ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని తయారు చేస్తుంది. నొప్పి, వాపు దానివల్లే వస్తాయి. ఈ మందులు ఆ తయారీని ఆపుతాయి. ఈ సంగతిని 1971లో కనుగొన్న బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్‌కు 1982లో నోబెల్ బహుమతి పంచి ఇచ్చారు.

అయితే అదే పదార్థం మరి రెండు మంచి పనులు కూడా చేస్తుంది. కడుపు లోపలి పొరను ఆమ్లం నుండి కాపాడుతుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూస్తుంది. మాత్రకు నడుము ఏదో, కడుపు ఏదో తెలియదు. నొప్పిని ఆపినట్టే ఈ రక్షణను కూడా ఆపేస్తుంది.

కడుపుకు కలిగే హాని

మంట, పుల్లని తేన్పులు, వికారం మొదటి గుర్తులు. తరువాత పుండు పడవచ్చు. పుండు నుండి రక్తం కారితే మలం తారులాగా నల్లగా వస్తుంది. కొందరిలో ముందుగా ఏ నొప్పీ లేకుండానే ఒకేసారి రక్తపు వాంతి కావచ్చు. అరవై ఏళ్ళు దాటినవారికి, ఇంతకు ముందు పుండు వచ్చినవారికి, ఆస్పిరిన్ గాని, రక్తం పలుచబడే మందు గాని వాడేవారికి, సారా, కల్లు, బ్రాందీ అలవాటున్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ.

కిడ్నీలకు కలిగే హాని

కిడ్నీ చెడిపోతున్నప్పుడు చాలాకాలం నొప్పి ఉండదు. అదే దానితో వచ్చిన చిక్కు.

ఒకప్పుడు మన ఊళ్ళలో చచ్చిన పశువు మీద రాబందులు గుంపుగా వాలేవి. పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. 1990ల నుండి అవి దేశమంతా దాదాపు కనబడకుండా పోయాయి. కారణం 2004లో తెలిసింది. పశువులకు నొప్పి, వాపు తగ్గడానికి వేసిన డైక్లోఫెనాక్ వాటి మాంసంలో మిగిలి, దాన్ని తిన్న రాబందుల కిడ్నీలు పాడయ్యాయి. 2006లో మన ప్రభుత్వం పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించింది. మనిషి శరీరం రాబందు శరీరం వంటిది కాదు. అంత చిన్న మోతాదుకు మనకు ఏమీ కాదు. కానీ ఆ మందు కిడ్నీల జోలికి వెళ్ళే మందు అని మాత్రం ఈ సంగతి మనకు గుర్తు చేయాలి.

మూడు సందర్భాల్లో మనకు ప్రమాదం పెరుగుతుంది.

1. ఒంట్లో నీరు తగ్గినప్పుడు. మండుటెండలో నీళ్ళు తాగకుండా పని చేసినా, వాంతులు, విరేచనాలు అయినా ఈ మాత్ర వేసుకోకూడదు.

2. బీపీ మందులతో కలిపినప్పుడు. ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటి బీపీ మాత్ర, మూత్రం ఎక్కువగా పోయే మాత్ర, నొప్పి మాత్ర ఈ మూడూ కలిస్తే కిడ్నీ మీద భారం చాలా పెరుగుతుంది. బీపీ మాత్ర మానకండి. నొప్పి మాత్ర సంగతి డాక్టరును అడగండి.

3. షుగరు గాని, కిడ్నీ జబ్బు గాని ముందే ఉన్నప్పుడు.

ఫ్లోరైడ్ ప్రాంతం వారు మరొక మాట వినాలి. మన ఒంట్లోకి వచ్చిన ఫ్లోరైడ్ బయటకు పోయే ముఖ్యమైన దారి మూత్రమే. కిడ్నీ బలహీనమైతే ఫ్లోరైడ్ ఒంట్లోనే ఎక్కువగా నిలిచిపోతుంది. అంటే, ఫ్లోరైడ్ తెచ్చిన నొప్పికి లెక్క లేకుండా గోళీలు మింగి కిడ్నీ పాడు చేసుకుంటే, ఆ ఫ్లోరైడ్ పోయే తలుపునే మనం మూసుకుంటున్నాము.

గుండెకు, బీపీకి

ఈ మాత్రలు ఒంట్లో ఉప్పును, నీటిని నిలబెట్టి బీపీ పెంచుతాయి. గుండె బలహీనంగా ఉన్నవారికి ఆయాసం తెస్తాయి. రోఫెకాక్సిబ్ అనే నొప్పి మందును ఎక్కువ కాలం వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం పెరిగాయని తేలడంతో 2004లో దాన్ని ప్రపంచమంతటా మార్కెట్ నుండి తీసేశారు. గుండెపోటు వచ్చినవారు ఈ కుటుంబంలోని ఏ మాత్రనైనా సొంతంగా వేసుకోకూడదు.

మిగతా మందుల సంగతి

పారాసిటమాల్: కడుపుకు, కిడ్నీకి పై మందులంత హాని చేయదు. కానీ మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది. పెద్దవారు రోజుకు 4 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు 8 దాటకూడదు. బక్కపలుచని వారికి, మద్యం తాగేవారికి ఇంకా తక్కువ ఇవ్వాలి. నొప్పి మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ ముందే కలిపి ఉంటుంది. దాని మీద జ్వరం మాత్ర వేసుకుంటే లెక్క రెండింతలవుతుంది.

స్టీరాయిడ్: సూది వేయగానే నొప్పులన్నీ ఎగిరిపోయి, ఆకలి పెరిగి, ఒళ్ళు తేలికైతే అందులో స్టీరాయిడ్ ఉండవచ్చు. పదే పదే వాడితే ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారుతాయి. చాలాకాలం వాడినవారు ఒక్కసారిగా మానడం కూడా ప్రమాదమే. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ట్రామడాల్: ఇది నల్లమందు తరహాలో పనిచేసే మందు. మలబద్ధకం, తల తిరగడం, వాంతులు, కొందరిలో ఫిట్స్ వస్తాయి. అలవాటు పడే ప్రమాదం ఉన్నందున 2018లో దీన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. కల్లుతో గాని, మద్యంతో గాని కలిస్తే మత్తు ఎక్కువై శ్వాస మందగించవచ్చు. మత్తు మందు కలిపిన కల్తీ కల్లు తాగేవారికి ఇది ప్రాణాపాయం. కల్లు అలవాటుంటే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి.

సందేహాలు – సమాధానాలు

సూది వేయించుకుంటే కడుపుకు ఏమీ కాదు కదా?
కాదు. మందు రక్తంలో కలిసి పనిచేస్తుంది. సూది అయినా, మాత్ర అయినా కడుపు రక్షణ తగ్గుతుంది, కిడ్నీకి అదే భారం.

గ్యాస్ మాత్ర కలిపి వేసుకుంటే చాలదా?
ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ వంటివి కడుపును చాలావరకు కాపాడతాయి. కిడ్నీని, గుండెను కాపాడవు.

ఒక మాత్రతో తగ్గకపోతే ఇంకో కంపెనీ మాత్ర కలపవచ్చా?
వద్దు. పేరు మారినా కుటుంబం ఒకటే. మేలు పెరగదు, హాని పెరుగుతుంది.

గర్భిణులు వాడవచ్చా?
డాక్టరు చెప్పకుండా వాడకూడదు. ముఖ్యంగా 20 వారాల తరువాత ఈ మందులు కడుపులోని బిడ్డ కిడ్నీలకు, చివరి నెలల్లో బిడ్డ గుండెకు హాని చేయవచ్చు.

డెంగీ జ్వరంలో ఒళ్ళు నొప్పులకు?
ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు. రక్తస్రావం కావచ్చు.

మరి నొప్పికి ఏం చేయాలి?

కొత్తగా వచ్చిన నడుము నొప్పి చాలామందిలో కొద్ది వారాల్లో తగ్గిపోతుంది. ఆస్ట్రేలియాలో 1,600 మందికి పైగా రోగులతో చేసి 2014లో ప్రచురించిన పరిశోధనలో, పారాసిటమాల్ తీసుకున్నవారు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారు కూడా దాదాపు 17 రోజుల్లోనే కోలుకున్నారు. అంటే చాలావరకు బాగుచేసేది కాలమే.

• మంచం పట్టకండి. ఒకటి రెండు రోజులకు మించి పడుకుంటే నడుము ఇంకా బిగుస్తుంది. మెల్లగా నడవండి.
• వేడి నీళ్ళ కాపడం పెట్టండి.
• బరువు ఎత్తేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్ళు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకొని లేవండి.
• వెల్లకిలా పడుకొని ఒక్కొక్క మోకాలును ఛాతీ వైపు తెచ్చుకొని పది లెక్కపెట్టండి. ఉదయం, సాయంత్రం ఐదైదు సార్లు చేయండి. ఫ్లోరోసిస్ వల్ల వెన్ను బిగుసుకున్నవారు, కాళ్ళలో తిమ్మిరి ఉన్నవారు డాక్టరుకు చూపించుకున్నాకే చేయాలి.
• చాలాకాలంగా ఉన్న నడుము నొప్పికి వ్యాయామం ముఖ్యమని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.
• ఫ్లోరైడ్ ఊళ్ళవారు తాగడానికీ వంటకూ నది నీరే వాడండి. పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ తీసుకోండి. చింతపండు తిన్న బడిపిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటకు పోయిందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు 2002లో ప్రచురించారు. మన పచ్చిపులుసుకు ఈ మేలు కూడా ఉంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఆహారం సంగతి డాక్టరును అడగాలి.

వెంటనే దవాఖానకు రావలసిన గుర్తులు

మాత్రల వల్ల: నల్లని మలం, రక్తపు వాంతి, మూత్రం తగ్గడం, ముఖం గాని కాళ్ళు గాని వాయడం, ఆయాసం, ఒంటి మీద దద్దుర్లు, కళ్ళు పచ్చబడటం. ఇవి కనబడితే మాత్ర ఆపి వెంటనే రండి.

నడుము వల్ల: కాళ్ళలో బలం తగ్గడం, తొడల మధ్య తిమ్మిరి, మలమూత్రాలు ఆపుకోలేకపోవడం లేదా మూత్రం రాకపోవడం. వీటికి ఒక్కరోజు కూడా ఆగకండి. నడుము నొప్పితోపాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నుపూసకు టీబీ కావచ్చు. నొప్పి గోళీలు దాన్ని కప్పిపుచ్చుతాయి.

ఇంట్లో ఈరోజే చేయండి

మీ ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, బీపీవి, షుగరువి, నొప్పివి, ఒక సంచిలో వేయండి. ఆయుర్వేదం పేరుతో వచ్చే పొడులు కూడా వేయండి. ఈసారి దవాఖానకు వచ్చేటప్పుడు ఆ సంచి తెచ్చి డాక్టరు ముందు పెట్టండి. నొప్పి మాత్ర రాసినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: ఎన్ని రోజులు వాడాలి? నా మిగతా మందులతో పడుతుందా? నా కిడ్నీ పరీక్ష చేయించాలా? నెలల తరబడి నొప్పి మాత్రలు వాడినవారు రక్తంలో క్రియాటినిన్, మూత్ర పరీక్ష, బీపీ తప్పక చూపించుకోవాలి.

పాత చీటీ కొత్త నొప్పికి మందు కాదు. మీ తల్లిదండ్రులు, అత్తమామలు దిండు కింద పెట్టుకున్న గోళీలు ఎన్ని రోజులుగా వాడుతున్నారో ఈ రాత్రే ప్రేమగా అడగండి. వారు సిగ్గుపడినా, "ఏం కాదులే బిడ్డా" అన్నా, సంచి పట్టుకొని వారితో కలిసి రండి.