కారు తివాచీలో ఇంకిన పురుగుమందు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: వరి చేనుకు తెచ్చిన క్లోరిపైరిఫాస్ డబ్బా మూత వదులై, మందు కారు వెనుక సీటు ముందున్న తివాచీపై ఒలికింది. మూడుసార్లు సబ్బునీళ్లతో కడిగినా, ఎండెక్కేసరికి వాసన మళ్లీ వస్తోంది. కారణమేమిటి?
- ఒక రైతు, సంగం

జవాబు: కారణం మందు తయారీలోనూ తివాచీ అమరికలోనూ ఉంది. డబ్బాపై ఉండే ‘20 ఇ.సి.’ అనే గుర్తుకు, నూటికి 20 పాళ్ల క్లోరిపైరిఫాస్‌ను నూనెవంటి ద్రావణిలో కరిగించి, దానికి ఎమల్సీకారిని, అనగా నూనెను సన్నని బిందువులుగా విడదీసి నీటిలో నిలిపే పదార్థాన్ని, చేర్చారని అర్థం. పిచికారీకి ఎంతో అవసరమైన ఈ గుణమే కారులో బెడద అవుతుంది. నీళ్లు తగలగానే మందు పాలలా తెల్లబడి, పై పోగులను దాటి, అడుగున పరిచిన స్పంజు పొరలోకి దిగుతుంది. పైభాగం ఆరి శుభ్రంగా కనిపించినా, అడుగున నిలిచిన మందు కారు వేడెక్కినప్పుడల్లా ఆవిరై పైకి వస్తుంది.

ప్రశ్న: అయితే శుభ్రపరిచే సరైన క్రమం ఏది?

జవాబు: ముందు పొడి పదార్థంతో మందును పీల్పించడం, తరువాత విచ్ఛిన్నం చేయడం, చివరకు కడగడం అన్నదే ఆ క్రమం. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపలేదు కనుక, తలుపులన్నీ తెరిచి, గాలి ఆడే నీడలో, నైట్రైల్ చేతి తొడుగులతో పని చేయాలి. మెకానిక్ చేత సీటు విప్పించి తివాచీని బయటకు తీయించడం మేలు. పొడి బంకమట్టిని గానీ రంపపు పొట్టును గానీ మందంగా చల్లి, రుద్దకుండా అదిమి, కొన్ని గంటల తరువాత ఎత్తి మందపాటి ప్లాస్టిక్ సంచిలో కట్టాలి. ఆపై చాకలి సోడా, సబ్బుపొడి కలిపిన చల్లని నీటితో కొద్దికొద్దిగా తడిపి, పాతగుడ్డతో అద్ది తీయాలి. క్లోరిపైరిఫాస్ ఆర్గానోఫాస్ఫేట్ వర్గానికి, అంటే భాస్వరం పరమాణువు కేంద్రంగా గల సేంద్రియ విషాల వర్గానికి చెందినది. చాకలి సోడాలోని క్షారగుణం క్లోరిపైరిఫాస్ అణువును నీటి సాయంతో విడగొడుతుంది. ఈ చర్య నెమ్మదిగా సాగుతుంది కాబట్టి, తడిపి అద్దే పనిని కొన్ని రోజుల పాటు మళ్లీ మళ్లీ చేయవలసి ఉంటుంది.

ప్రశ్న: బ్లీచింగ్ పౌడరు వాడవచ్చా?

జవాబు: వాడరాదు. బ్లీచింగులోని క్లోరిన్ క్లోరిపైరిఫాస్‌లోని గంధకం స్థానంలో ఆక్సిజన్‌ను చేర్చి, దానిని మరింత విషపూరితమైన ఆక్సాన్‌గా మార్చగలదు. అత్తరు, సాంబ్రాణి వంటివి వాసనను కప్పిపుచ్చి ప్రమాదాన్ని మరుగుపరుస్తాయి.

ప్రశ్న: వాసన పోతే సరిపోతుందా? కడిగిన నీళ్లు ఎక్కడ పోయాలి?

జవాబు: ముక్కుకు తగిలే వాసనలో అధికభాగం ద్రావణిదీ గంధకపు మలినాలదీ కావడం వల్ల, వాసన పోవడం విషం పోవడానికి రుజువు కాదు. మందు స్పంజు పొర వరకు దిగితే ఆ పొరను మార్చడమే క్షేమం. పసిపిల్లలు కారు నేలపై పాకి, అదే చేతిని నోట్లో పెట్టుకుంటారని మరువరాదు. తీసిన స్పంజును కాల్చరాదు. కడిగిన నీటిని బావికీ కాలువకూ దూరంగా, బకెట్టులో పట్టి ఉంచి, పారవేసే తీరును వ్యవసాయాధికారిని అడిగి తెలుసుకోవాలి. చేపలకు, రొయ్యలకు ఈ మందు అతి స్వల్ప మోతాదులోనే ప్రాణాంతకం. పైగా మీ సంగం బ్యారేజీ వద్ద నిలిచే పెన్నా నీరే కాలువల గుండా దిగువ పొలాలకు చేరుతుంది కనుక, కాలువలో మందు కలవనీయరాదు.

శుభ్రపరిచే వారికి చెమటలు, చొంగ, వాంతులు, చూపు మసకబారడం, ఛాతీ బిగుసుకుపోవడం కనిపిస్తే, వెంటనే బట్టలు మార్చి, ఒంటిని సబ్బుతో కడిగి, 108కు ఫోన్ చేసి, మందు డబ్బాపై ఉన్న చీటీని వైద్యునికి చూపాలి. ఏ విషమో తెలిస్తేనే అట్రోపిన్ వంటి తగిన విరుగుడు సకాలంలో అందుతుంది. పురుగుమందుల నియమావళి (1971) ఆహారపదార్థాలకూ పశువుల దాణాకూ నేరుగా తగిలేలా ఈ మందులను రవాణా చేయడాన్ని నిషేధించింది. మనుషులు కూర్చునే చోటుకూ అదే జాగ్రత్త వర్తింపజేసి, డబ్బాను మూతగల ప్లాస్టిక్ బకెట్టులో నిలబెట్టి ట్రాక్టరు ట్రాలీలో తెచ్చుకుంటే, తివాచీ కడగవలసిన అవసరమే రాదు.