చిన్న పడవ – వేట సామగ్రి

సముద్రపు వేటకు వెళ్లే చిన్న పడవలో చోటు స్వల్పం. అందుచేత ప్రతి వస్తువుకూ నియతమైన స్థానం ఉండాలి. ఆంధ్ర తీరపు మత్స్యకారులు బయలుదేరకముందే వలలోని చిరుగులను బాగుచేసి, చిక్కుపడకుండా మడతలుగా పేరుస్తారు. నిలువు వలకు పైఅంచున బెండ్లు, అడుగు అంచున సీసపు గుండ్లు ఉంటాయి. అందువల్ల అది నీటిలో గోడవలె నిలుస్తుంది. గాలాలను బుట్ట అంచుకు వరుసగా గుచ్చుతారు. లంగరు తాడును చుట్టగా చుట్టి, కాళ్లకు తగలనిచోట ఉంచుతారు. వల దిగుతున్న వేళ తాడు కాలికి చుట్టుకుంటే, అది మనిషినే నీటిలోకి లాగివేయగలదు.

1999లో హైదరాబాదులో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ, ఉపగ్రహాల సాయంతో చేపలు లభించగల ప్రదేశాలను మత్స్యకారులకు తెలుపుతున్నది. అయినా, నడిసముద్రంలో ప్రాణరక్షణకు మొదటి ఆధారం పడవలోని క్రమమే.

ప్రశ్న: వల నీటిలో నిలువుగా నిలవడానికి కారణమేమి?