జేబు చాకు: పిడి మెరుపు కాదు, ఇరుసు బిగువు చూడండి

పొద్దున తోటలో అడుగు పెట్టింది మొదలు ఇంటికి వచ్చేదాకా రైతుకు చాకుతో ఎన్ని పనులో లెక్కలేదు. డ్రిప్ లేటరల్ పైపు కోయాలి. ఎరువు సంచి మూతి కుట్టు తెంచాలి. దానిమ్మ కొమ్మకు కట్టిన పురికొస ముడి ఊడి రాకపోతే కోసేయాలి. చీనీ కాయ కోసి రసం చూడాలి. ఒక్కోసారి దూడ మెడకు పలుపు బిగుసుకుపోయి కొట్టుకుంటుంటే క్షణాల మీద తాడు తెంచాలి. ఇన్ని పనులకు పనికొచ్చే వస్తువును మనం కొనే తీరు మాత్రం విచిత్రంగా ఉంటుంది. సంతలో పట్టా పరిచి అమ్మేవాడి దగ్గర కూర్చుని, అన్నిట్లోకీ మెరిసేదాన్ని ఏరుకుని వచ్చేస్తాం.

మడత చాకును పట్టుకున్నప్పుడు మీ నాలుగు వేళ్లూ బ్లేడు మూసుకునే దారిలోనే ఉంటాయి. గట్టి పైపును కోస్తూ కాస్త మెలిపెట్టినా, మొనతో పొడిచినా, ఇరుసు వదులైన చాకు ఒక్కసారిగా మూసుకుంటుంది. అప్పుడు తెగేది పైపు కాదు, చూపుడు వేలు కీలు. లోపలి నరం తెగితే ఆ వేలు మళ్లీ సరిగా మడవడానికి రాకపోవచ్చు. కోతల కాలంలో అలాంటి చేత్తో ఎలా పని చేస్తారు? అందుకే చాకు కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఇరుసు, లాకు. ఆ తర్వాతే బ్లేడు. పిడి అందం అన్నిటికన్నా చివర.

పిడి లోహానిదే ఎందుకు?

కర్ర పిడి చేతికి హాయిగా ఉంటుంది, కాదనలేం. కానీ వానకు ఉబ్బి, మన జిల్లా ఎండలకు ఎండి పగులుతుంది. ఆ పగుళ్లలో పండ్ల రసం, మట్టి, మందు పొడి చేరితే కడిగినా పోవు. ప్లాస్టిక్ పిడి రివిట్ల దగ్గర చీలుతుంది. లోహపు పిడిని ఎంతైనా రుద్ది కడగొచ్చు, జేబులోంచి రాళ్ల మీద పడినా విరగదు, పైగా పలచగా ఉండి జేబుకు బరువు అనిపించదు.

లోహపు పిడులన్నీ ఒకటి కాదు. స్టీలు పలకల పిడి బరువైనా గట్టిది. అల్యూమినియం తేలిక, అయితే రంగు లేచిపోయిన చోట చెమటకు తెల్లగా పూస్తుంది. ఇత్తడి తుప్పు పట్టదు గానీ చేతికి వాసన అంటుతుంది. వద్దే వద్దనదగ్గది మూసలో పోసిన పోత పిడి. పులి బొమ్మలూ పూల చెక్కుళ్లూ ఉండి చూడ్డానికి ఘనంగా కనిపించే చవక చాకుల్లో చాలావాటికి ఇదే పిడి. ఇరుసు దగ్గర పుటుక్కున విరుగుతుంది, మళ్లీ అతకదు.

అసలు మంచి చాకుకు హంగులు అక్కర్లేదు. జపానులోని మికి పట్టణంలో 1890ల నుంచి హిగోనొకామి అనే చాకు చేస్తున్నారు. ఒకే రేకును మడిచి పిడి, ఒక బ్లేడు, ఒక ఇరుసు, అంతే. ఫ్రాన్సులోని తియేర్‌లో 1929 నుంచి వస్తున్న డుక్ డుక్ చాకుకూ రేకు మడిచిన పిడే. సామాన్యుడి జేబు కోసం పుట్టిన వస్తువులివి. భాగాలు ఎంత తక్కువైతే వదులయ్యే చోట్లు అంత తక్కువ.

లోహపు పిడికి రెండు చిన్న లోపాలు, ఒక పెద్ద లోపం ఉన్నాయి. తడి చేతికి జారుతుంది. కాబట్టి నున్నగా అద్దంలా మెరిసేది కాకుండా గీతలో గరుకో ఉన్నదాన్ని తీసుకోండి. ఎండలో బండి మీదో గట్టు మీదో వదిలేస్తే చేయి కాలుతుంది. పెద్ద లోపం కరెంటు. దాని గురించి విడిగా చెప్పాలి, కింద చెబుతాం.

ఇరుసు, లాకు

జేబు చాకుల్లో ఎక్కువ వాటికి లాకు ఉండదు. పిడి వెనక స్ప్రింగు పట్టీ మాత్రమే బ్లేడును నిలబెడుతుంది. కాయలు కోయడానికి, దారం తెంచడానికి ఇది చాలు. బలం పెట్టి కోసే పని, మొనతో పొడిచే పని ఉన్నవారు లాకు ఉన్నదే కొనాలి.

లాకుల్లో మూడు రకాలు మామూలుగా దొరుకుతాయి. మొదటిది వెనక వీపు మీద నొక్కితే వదిలేది. ఇది నమ్మదగ్గదే గానీ మూయడానికి చాలావరకు రెండు చేతులు కావాలి. రెండోది, పిడి లోపలి పలచటి రేకు పక్కకు జరిగి బ్లేడు మడమకు ఆనుకునేది. మూడోది లోహపు పిడి చాకుల ప్రత్యేకత. ఇందులో పిడి పలక ఒకటి చీలికగా ఉండి అదే వచ్చి ఆనుకుంటుంది. మీరు ఎంత గట్టిగా పట్టుకుంటే అది అంత గట్టిగా నిలబడుతుంది. మా సలహా, దొరికితే మూడో రకమే. రెండో రకంలోనూ మూడో రకంలోనూ బ్లేడు పూర్తిగా తెరిచి లోపలికి చూడండి. ఆ రేకు మడమ మందంలో కనీసం నాలుగో వంతు మీదికైనా జరిగి కూర్చోవాలి. అంచున తగిలీ తగలనట్టు నిలిచిందంటే అక్కడే పెట్టి వచ్చేయండి.

ఒక చేత్తో తెరవడానికి వస్తుందా అన్నది కూడా చూసుకోవాలి. పశువుల దగ్గర రెండో చేయి ఖాళీగా ఉండదు. బొటనవేలికి ఆనేలా బ్లేడు మీద చిన్న మేకో రంధ్రమో ఉంటే మేలు.

అంగట్లోనే పరీక్ష

చాకు తెరిచి, బ్లేడు మొన దగ్గర రెండు వైపులా పట్టుకుని అటూ ఇటూ కదపండి. టకటకలాడితే వద్దు. మూసి పైనుంచి చూడండి. బ్లేడు రెండు పలకల మధ్యగా ఉండాలి, ఒక పలకను రాసుకుంటూ ఉంటే ఇరుసు వంకర ఉన్నట్టే. లాకు చాకైతే వేళ్లను దారిలోంచి తీసేసి, పిడిని పక్కల నుంచి పట్టుకుని, బ్లేడు వీపును చెక్క బల్ల మీద మెల్లగా రెండు మూడు సార్లు తట్టండి. లాకు జారితే అంగడివాడు ఏం చెప్పినా వినొద్దు. ఇరుసు రివిట్‌తో కాక స్క్రూతో ఉంటే, ఏడాది తర్వాత వదులైనా బిగించుకోవచ్చు. బ్లేడు మూడు అంగుళాలుంటే రోజువారీ పనికి సరిపోతుంది. అంతకన్నా పొడవైనదాన్ని కొన్నవారు తర్వాత జేబులో పెట్టుకోవడం మానేస్తారు.

అంగట్లో ఇంకో అలవాటు కనిపిస్తుంది. కొందరు అయస్కాంతం పెట్టి చూసి, అంటింది కాబట్టి ఇది స్టీలు కాదు, ఇనుము అని తేల్చేస్తారు. ఇది పొరపాటు. వంటింటి గిన్నెల స్టీలు వేరు, చాకుల స్టీలు వేరు. పదును నిలవాలంటే కాల్చి గట్టిపరచడానికి వీలైన స్టీలు కావాలి. అలాంటి స్టెయిన్‌లెస్‌కు అయస్కాంతం అంటుకుంటుంది. అసలు అంటకపోతేనే అనుమానించాలి.

బ్లేడు మీద 420 అని ఉంటే సాధారణంగా మెత్తటి రకం. తుప్పు తక్కువ, పదును తొందరగా పోతుంది, మళ్లీ తొందరగానే వస్తుంది. 440సి గట్టిది. నల్ల ఉక్కు చాకు రాయి మీద నాలుగు గీతలకే పదునెక్కుతుంది గానీ, చీనీ రసానికి సాయంత్రానికల్లా మచ్చ పడుతుంది. దానిమ్మ తొక్కలోని వగరు తగిలితే నల్లబడుతుంది. నలుపు, బూడిద రంగు వల్ల నష్టం లేదు. ఎర్ర తుప్పు కనిపిస్తే మాత్రం వెంటనే తుడవాలి.

స్టార్టరు డబ్బా దగ్గర వద్దు

ఇప్పుడు ఆ పెద్ద లోపం. మోటారు ఆగిపోతే జేబులోంచి చాకు తీసి వైరు తొక్క గీకడం, ఫ్యూజు తీగ బిగించడం మన దగ్గర మామూలే. లోహపు పిడి చాకుతో ఈ పని ప్రాణాంతకం. బ్లేడుకు తగిలిన కరెంటు నేరుగా అరచేతికి వస్తుంది, మధ్యలో అడ్డేమీ లేదు. కాళ్ల కింద తడి నేల ఉంటే ఇక చెప్పక్కర్లేదు. పిడికి నల్ల రంగు వేసినా, పైన టేపు చుట్టినా అది రక్షణ కాదు. లైను పోయింది కదా అన్న ధీమా కూడా పనికిరాదు. ఒక ఫేజు పోయి మిగతా రెండూ ఉండొచ్చు, పోయిన కరెంటు మీరు వైరు పట్టుకున్న క్షణంలోనే రావొచ్చు. మెయిన్ ఆపిన తర్వాత కూడా, విద్యుత్ పనికి 1000 వోల్టుల గుర్తు ఉన్న ఇన్సులేటెడ్ పనిముట్లే వాడాలి. ట్రాన్స్‌ఫార్మరు జోలికి మీరు వెళ్లొద్దు, లైన్‌మన్‌ను పిలవండి.

ఒక చెట్టు జబ్బు ఇంకో చెట్టుకు

దానిమ్మలో బాక్టీరియా మచ్చ తెగులు కత్తిరింపు పనిముట్ల ద్వారా చెట్టు నుంచి చెట్టుకు పాకుతుంది. జేబు చాకు కూడా పనిముట్టే. చీనీలో ఎక్సోకార్టిస్ అనే వైరాయిడ్ జబ్బు అంటు కట్టే చాకు అంచున చేరి వెళ్తుంది. దీనికి స్పిరిట్‌తో తుడిచినా ఫలితం లేదు. ఒక శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో ముంచాలి. ఈ ద్రావణం స్టీలును కూడా తింటుంది కాబట్టి పని కాగానే మంచినీళ్లతో కడిగి, తుడిచి, నూనె రాయాలి. అంటు కట్టడానికి ఒకే వైపు పదునున్న వేరే చాకు ఉంచుకోవడం మేలు. ఎరువు సంచులు కోసిన చాకుతో అది కుదరదు.

పురుగుమందు పొట్లం చించిన చాకుతో కాయ కోసుకుని తినడం మరీ అపాయం. పిడి కడిగితే శుభ్రమవుతుంది, ఇరుసు సందులో చేరిన పొడి పోదు. మందు పనికి పాత చాకునో కత్తెరనో కేటాయించి, స్ప్రేయరుతో పాటే పెట్టండి, ఇంట్లోకి తేవద్దు.

పదును, నూనె

వీధిలో సాన చక్రం తెచ్చేవారికి చాకు ఇవ్వకండి. నిప్పురవ్వలు లేచేలా పడితే అంచు కాలి నీలంగా మారుతుంది, ఆ చోట గట్టిదనం పోతుంది. రెండు ముఖాల సానరాయి కొనుక్కుని మీరే పట్టండి. ఎంత వాలుగా పట్టాలో తెలియకపోతే కాగితం మూలను ఒకసారి మడిస్తే 45 డిగ్రీలు, ఇంకోసారి మడిస్తే ఇరవై రెండున్నర. దానికి కాస్త తక్కువగా పడితే చాలు.

ఇరుసుకు కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు జిగురై మట్టిని పట్టుకుంటుంది. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి, నాలుగైదు సార్లు తెరిచి మూసి, మిగిలింది తుడిచేయండి. మట్టి చేరితే ముందు వేడినీళ్లతో పాత బ్రష్షు పెట్టి కడగాలి. మట్టి, పేడ అంటిన చాకుతో వేలు తెగితే మాత్రం సబ్బుతో కడిగి, ధనుర్వాతం టీకా కోసం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అదే రోజు వెళ్లండి.

చాకు జేబులో ఉంటే పోలీసులు పట్టుకుంటారా అని కొందరి భయం. 2016 ఆయుధాల నిబంధనలు ఆయుధాల జాబితాలో చేర్చింది 9 అంగుళాల కన్నా పొడవో, 2 అంగుళాల కన్నా వెడల్పో ఉన్న బ్లేళ్లను. అందులోనూ ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునే రకం మీద కొన్ని చోట్ల వేరే ఆంక్షలున్నాయి, దాని జోలికి పోవద్దు. కోర్టుకో, సభలకో వెళ్లేటప్పుడు ఇంట్లో పెట్టి వెళ్లండి. విమానం ఎక్కాల్సి వస్తే చేతి సంచిలో కాకుండా, లగేజీలో వేసే పెట్టెలో పెట్టాలి.