ఎవరి పథ్యం వారిదే

ఇంట్లో ఒకరికి షుగరు, బి.పి. లేక మూత్రపిండాల జబ్బు ఉందని తెలిసిన రోజు నుండే సలహాలు మొదలవుతాయి. పక్కింటివారు ఒక డైటు చెబుతారు. పట్నంలో ఉన్న బంధువు ఫోనుకు ఇంకొక వీడియో పంపిస్తాడు. "సిస్టరమ్మా, ఇందులో ఏది మంచిది?" అని వార్డులో మీలో చాలామంది అడుగుతుంటారు. అందుకే మన దగ్గర పేరున్న మూడు ఆహార పద్ధతులను, తిన్నది లెక్క చూసుకొనే సాధనాలను ఈ పాఠంలో పక్కపక్కన పెట్టి చూద్దాం.

మన పళ్ళెం ఎలా మారింది?

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్ట పొలాల్లో ఒకప్పుడు జొన్నలు, సజ్జలు, తైదలు, కొర్రలు బాగా పండేవి. జొన్న రొట్టె, గట్క, అంబలి మన పెద్దల తిండి. 1983లో ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం పెట్టింది. కాలువల కింద, బోర్ల కింద వరి పెరిగింది. 2025 ఉగాది నుండి రేషను షాపులో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అన్నం చెడ్డది కాదు. పళ్ళెం నిండా అన్నమే ఉండి, పప్పు, కూర పేరుకు మాత్రమే ఉండటం వల్లనే ఇబ్బంది.

1. చిరుధాన్యాల పద్ధతి

కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు తినమని డాక్టర్ ఖాదర్ వలీ గారు ఊరూరా ప్రచారం చేశారు. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. పొట్టు పూర్తిగా తీయని ఈ గింజల్లో పీచు ఎక్కువ. కొర్రలు ఖరీదనుకుంటే మన జొన్నలు ఉన్నాయి. 100 గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, తెల్ల బియ్యంలో సుమారు 3 గ్రాములు. తైదల్లో సున్నం, అంటే కాల్షియం, 100 గ్రాములకు 350 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది.

కాని ఒక మాట గుర్తుంచుకోండి. శక్తి లెక్కలో జొన్నలకూ బియ్యానికీ పెద్ద తేడా లేదు. 100 గ్రాముల జొన్నలు సుమారు 335 కాలరీలు, బియ్యం సుమారు 355. "జొన్న రొట్టే కదా" అని నాలుగు తింటే చక్కెర పెరుగుతుంది. ధాన్యం మార్చినంత మాత్రాన మాత్రలు మానకూడదు.

2. కొవ్వు ఎక్కువ, పిండి తక్కువ పద్ధతి

వీరమాచనేని రామకృష్ణ గారు చెప్పిన ఈ పద్ధతి 2017, 2018 ప్రాంతంలో మన రెండు రాష్ట్రాల్లో బాగా వ్యాపించింది. అన్నం, రొట్టె, చక్కెర మానేసి రోజుకు 70 నుండి 100 గ్రాముల కొవ్వు, నిమ్మకాయలు, ఎక్కువ నీళ్ళు, విటమిన్ మాత్రలు తీసుకోమంటారు. పిండి పదార్థం తగ్గితే బరువు, రక్తంలో చక్కెర తగ్గడం నిజమే. ప్రమాదం కూడా అక్కడే ఉంది. గ్లిమిపిరైడ్ వంటి మాత్ర లేక ఇన్సులిన్ అదే మోతాదులో వేసుకుంటూ అన్నం మానేస్తే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడేవారికి చక్కెర ఎక్కువగా లేకపోయినా రక్తంలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు.

3. ఉప్పు, నూనె లేని పద్ధతి

డాక్టర్ మంతెన సత్యనారాయణ రాజు గారు ఉప్పు, నూనె లేని వంట, మొలకలు, పండ్లు, రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్ళు చెబుతారు. ఉప్పు, నూనె తగ్గించడం బి.పి. ఉన్నవారికి మేలు. అయితే గుండె బలహీనంగా ఉన్నవారికి, మూత్రపిండాలు చెడినవారికి డాక్టరు గారు నీళ్ళు కొలిచి ఇస్తారు. వారు అన్ని నీళ్ళు తాగితే ఆయాసం, వాపు వస్తాయి. మూత్రపిండాల రోగులకు పండ్ల రసాలు, కొబ్బరి నీళ్ళతో పొటాషియం పెరిగి గుండెకు ముప్పు. మూత్రం మాత్ర వాడే ముసలివారు ఉప్పు పూర్తిగా మానేసి నీళ్ళు ఎక్కువ తాగితే సోడియం తగ్గి మతి తప్పినట్లు మాట్లాడవచ్చు.

మన ప్రాంతంలో ఇంకొక చిక్కు ఉంది. అదే ఫ్లోరైడు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. 3 మిల్లీగ్రాములున్న బోరు నీళ్ళు 2 లీటర్లు తాగితే 6 మిల్లీగ్రాములు, 5 లీటర్లు తాగితే 15 మిల్లీగ్రాములు ఒంట్లోకి పోతుంది. కాచినా ఫ్లోరైడు పోదు. కాబట్టి పొలానికి వెళ్ళేటప్పుడు కూడా భగీరథ నల్లా నీళ్ళే సీసాలో తీసుకుపోండి.

లెక్క చూసుకొనే సాధనాలు

ఫోను యాప్: హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2019లో న్యూట్రిఫై ఇండియా నౌ అనే యాప్‌ను విడుదల చేసింది. హెల్తీఫైమి వంటివి కూడా ఉన్నాయి. ఏ పదార్థంలో ఎంత శక్తి ఉందో తెలుసుకోవడానికి ఇవి పనికి వస్తాయి. కాని మీ రొట్టె ఎంత మందమో, కూరలో నూనె ఎంత పోశారో యాప్‌కు తెలియదు. మీరు రాసిందే దాని లెక్క.

నోటుపుస్తకం: నాలుగు గడులు గీయండి. ఏ పూట, ఏమి తిన్నారు, ఏ మాత్ర వేశారు, చక్కెర లేక బి.పి. ఎంత. చదువు రాని తల్లిదండ్రుల కోసం బడికి వెళ్ళే పిల్లలు కూడా రాయగలరు. డాక్టరు గారికి అన్నిటికన్నా ఉపయోగపడేది ఇదే.

పళ్ళెం కొలత: పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. మిగతా సగంలో ఒక పాలు అన్నం లేక రొట్టె, ఒక పాలు పప్పు, గుడ్డు లేక చేప. రోజు మొత్తానికి ఉప్పు ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు మించకూడదు. తొక్కులో, పచ్చిపులుసులో ఉన్న ఉప్పు కూడా ఇందులోనే. మూత్రపిండాల రోగులకు మాత్రం ఈ కొలత వర్తించదు. వారికి పప్పు, ఆకుకూరలు ఎంతో డాక్టరు గారు చెప్పాలి.

ఏ డైటూ మొదలుపెట్టకూడని వారు

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, క్షయ రోగులు, ఆపరేషను అయి కోలుకుంటున్నవారు. వీరికి తిండి తగ్గించడం కాదు, పెంచడం అవసరం. షుగరు, గుండె, మూత్రపిండాల రోగులు ముందుగా మాత్రల మోతాదు మార్పించుకోకుండా మొదలుపెట్టకూడదు.

ఇంట్లో అందరూ తెలుసుకోవలసినది

షుగరు రోగికి చెమటలు, వణుకు, గుండెదడ, తడబాటు కనిపిస్తే చక్కెర పడిపోయిందని అనుకోండి. వెంటనే మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాల్లో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక అన్నం పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, 108కి ఫోను చేయండి.

ఈసారి చూపించుకోవడానికి వచ్చేటప్పుడు మూడు తీసుకురండి: మీ నోటుపుస్తకం, వాడుతున్న మాత్రలన్నీ, మీరు విన్న డైటు పేరు. మీ రోగికి ఏది సరిపడుతుందో, ఏది సరిపడదో కూర్చొని చూద్దాం. ఎదురింటాయనకు తగ్గిన పథ్యం మీ నాన్నగారికి పడాలని లేదు. ఆయన జబ్బు వేరు, ఈయన మాత్రలు వేరు.