దుబాయ్‌లో కొలువు, హైదరాబాద్‌లో ఫ్లాటు

ప్రశ్న: మాది మద్దేడ్. దుబాయ్‌లో ఉంటూ హైదరాబాద్‌లో కడుతున్న ఫ్లాటు కొన్నాను. పని ఎంతవరకు వచ్చిందో తెలిసేదెలా?

జవాబు: బిల్డర్ పంపే వాట్సాప్ ఫొటోలు చాలవు. అవి ఏ బ్లాకువో, ఎప్పటివో!

2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం ప్రాజెక్టు పురోగతిని బిల్డర్ మూడు నెలలకోసారి తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో పెట్టాలి. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి. ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ముగ్గురూ ధ్రువీకరించాకే, జరిగిన పని మేరకు అందులోంచి తీయాలి.

కాగితం మీది స్లాబు కళ్లకూ కనబడాలి కదా. మీ ఊరి నుంచి భోపాలపట్నం మీదుగా హైదరాబాద్ వెళ్లే బంధువులుంటే వీడియో కాల్‌లో అంతస్తులు లెక్కపెట్టించుకోవచ్చు. ఒప్పందంలోని వాయిదాలతో తేడా ఉంటే రాతపూర్వకంగా అడగాలి.

ఫ్లాటు అప్పగించే గడువు దాటితే రెరా చట్టం 18వ సెక్షన్ కింద వడ్డీతో సొమ్ము వాపసు కోరవచ్చు. ఫ్లాటే కావాలంటే, ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ రాబట్టుకోవచ్చు.