పశువుల తొట్టిలోని పరమార్థము

డిసెంబరు 25వ తేదీన ప్రపంచమందలి క్రైస్తవులలో అధికసంఖ్యాకులు యేసుక్రీస్తు జననోత్సవమును జరుపుకొందురు. ఇండ్లమీద నక్షత్రదీపములు, ఆలయములలో గీతములు, పిల్లలకు నూతన వస్త్రములు, ఇరుగుపొరుగువారికి మిఠాయిలు - ఇవి ఆ పండుగకు గల బాహ్యరూపము. ఆ దినమున క్రైస్తవమిత్రుల యిండ్లకేగి శుభాకాంక్షలు తెలుపు హిందువులును పెక్కుమంది కలరు. కాని ఆ ఉత్సవమునకు మూలమైన విశ్వాసమెట్టిదో విచారించువారు కొలదిమందియే.

మహాపురుషుల జయంతులు అనేక మతములలో గలవు. క్రిస్మసు పండుగను అట్టి జయంతులలో ఒకటిగా మాత్రమే భావించినచో దాని హృదయము చేజారిపోవును. ఒక మహనీయుడు జన్మించి దేవుని గూర్చి బోధించెనని గాక, దేవుడే మానవుడయ్యెనని క్రైస్తవులు ఆనాడు కొనియాడుదురు. "అయ్యెను" అను ఆ ఒక్క క్రియాపదమును కాపాడుకొనుటకై క్రైస్తవసంఘము తన తొలి శతాబ్దములలో మహావాదములు సలిపినది. కొందరు పదవులు కోల్పోయిరి. కొందరు దేశాంతరవాసముల ననుభవించిరి. ఒక పదమునకై ఇంత పట్టుదల యేల? దీనిని తెలిసికొనినగాని పండుగ యొక్క అర్థము బోధపడదు.

సువార్తలలోని వృత్తాంతము

నాలుగు సువార్తలలో మత్తయి, లూకా అనువారి గ్రంథములు రెండే యేసు జననమును వర్ణించుచున్నవి. లూకా చెప్పిన కథ మిక్కిలి నిరాడంబరమైనది. రోమను చక్రవర్తియైన ఔగుస్తు ఆజ్ఞ ననుసరించి జనసంఖ్యలో పేరు వ్రాయించుకొనుటకై యోసేపు నిండుచూలాలైన మరియతో నజరేతునుండి బేత్లెహేమునకు ప్రయాణమయ్యెను. అచట వారికి సత్రములో చోటు దొరకలేదు. మరియ కుమారుని గని, పొత్తిగుడ్డలలో చుట్టి, పశువులకు మేతవేయు తొట్టిలో పరుండబెట్టెను. ఆ వార్త మొట్టమొదట అందినది రాజులకు గాదు, పండితులకు గాదు. ఆ రాత్రి పొలములో మందలను కాచుకొనుచున్న గొల్లలకు. మత్తయి తూర్పుదేశపు జ్ఞానుల రాకను, హేరోదు రాజు క్రౌర్యమును, తల్లిదండ్రులు శిశువుతో ఐగుప్తునకు పారిపోవుటను తెలుపును.

జననము జరిగిన మాసముగాని, దినముగాని ఏ సువార్తయందును లేదు. డిసెంబరు 25వ తేది రోమునగరమున 354వ సంవత్సరమునకు చెందిన ఒక పంచాంగసంపుటమునందు కనబడుచున్నది. అర్మీనియా సంఘము నేటికిని జనవరి 6వ తేదీననే జననోత్సవమును జరుపుచున్నది. కావున ఈ పండుగలో ప్రధానము తిథి కాదు, తత్త్వము.

ఆ తత్త్వమును స్పష్టముగా పలికినది యోహాను సువార్త. అందు తొట్టి లేదు, గొల్లలు లేరు. సృష్టికి పూర్వమే దేవునియొద్ద నుండి, తానును దేవుడే యైన "వాక్యము"తో ఆ గ్రంథము ప్రారంభమగును. దానికి మూలమైన "లోగోస్" అను గ్రీకుపదమునకు మాట, బుద్ధి, విశ్వమును నడుపు నియమము అను అర్థములు గలవు. ఆ వాక్యమే రక్తమాంసములు గల మానవుడై జనులమధ్య నివసించెనని యోహాను ప్రకటించును. నివాసమునకు అతడు వాడిన క్రియకు గుడారము వేసికొనుట యని మూలార్థము. పూర్వము ఎడారిలో సంచరించిన ఇశ్రాయేలీయులు తమతోపాటు ఒక ఆరాధనాగుడారమును మోసికొనిపోయి, అందు దైవసాన్నిధ్యము గలదని నమ్మెడివారు. ఆ సాన్నిధ్యమే ఇప్పుడొక మానవదేహమందు నెలకొన్నదని యోహాను భావము. లూకా చూపిన తొట్టియు, యోహాను చెప్పిన వాక్యమును రెండు వేర్వేరు కథలు కావు. ఒకే సంగతిని ఒకరు నేలమీదనుండి, ఒకరు ఆకాశమునుండి చూచి చెప్పిరి.

"అయినట్లు" కాదు, "అయ్యెను"

ఈ మాట తొలినాటినుండియు పలువురకు మింగుడు పడలేదు. పరిశుద్ధుడగు దేవుడు మలమూత్రములు గల దేహమును ధరించుట యేమి? ఆకలిగొనుట యేమి? మేకులతో కొట్టబడి మరణించుట యేమి? కావున యేసు దేహము నిజమైనది గాదనియు, కన్నులకట్లు తోచినదనియు కొందరు వాదించిరి. తోచుట యను అర్థము గల గ్రీకుధాతువునుండి ఈ వాదమునకు "డోసెటిజము" అను పేరు కలిగినది.

రెండవ శతాబ్దారంభమున అంతియొకయ సంఘమునకు అధ్యక్షుడైన ఇగ్నేషియస్ అనునతడు దీనిని తీవ్రముగా ఖండించెను. అప్పుడాతడు మరణశిక్ష ననుభవించుటకు భటుల కావలిలో రోమునకు కొనిపోబడుచుండెను. త్రోవలో వ్రాసిన లేఖలలో అతడడిగిన ప్రశ్న సూటియైనది. క్రీస్తు శ్రమ పొందినట్లు తోచుట మాత్రమే యైనచో, తన సంకెళ్ళకు అర్థమేమి? దేవుడు మానవుని బాధను నిజముగా పంచుకొనెనని నమ్మినవాడు గనుకనే అతడు తన బాధను ధైర్యముగా స్వీకరింపగలిగెను. సిద్ధాంతములోని ఒక చిన్న భేదము ఒక మనుష్యుని మరణమునకు అర్థమునిచ్చుటయో, తీసివేయుటయో చేయునని దీనివలన తెలియుచున్నది.

నైసియా మహాసభ

రెండవ సంశయము మరియొక దిక్కునుండి వచ్చినది. నాలుగవ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరములో ఏరియస్ అను మతగురువు ఇట్లు బోధించెను: దేవుడొక్కడే అనాది, కుమారుడు దేవునిచే సృష్టింపబడిన ప్రథమజీవి, ఎంత గొప్పవాడైనను అతడు సృష్టిలోనివాడే. దేవుని ఏకత్వమునకు భంగము రాకూడదను భక్తియే ఏరియసు వాదమునకు మూలము. కాని దాని పర్యవసానమేమి? తొట్టిలోని శిశువు దేవుడు గాక, దేవుడు పంపిన దూతవంటివాడు మాత్రమే యగును.

కాన్‌స్టాంటైను చక్రవర్తి 325వ సంవత్సరమున నైసియాలో బిషప్పుల మహాసభను సమకూర్చెను. నేడు టర్కీదేశమున ఇస్నిక్ అను పేరుతో నున్న పట్టణమే అది. కుమారుడు సృష్టింపబడినవాడు గాడనియు, తండ్రి సత్తయే తన సత్తగా గలవాడనియు ఆ సభ నిర్ణయించినది. 2025వ సంవత్సరముతో ఆ నిర్ణయమునకు 1700 సంవత్సరములు నిండినవి.

ఆ సిద్ధాంతమునకు జీవితకాలమంతయు పాటుపడినవాడు అథనేసియస్. 328లో అలెగ్జాండ్రియాకు బిషప్పై, 373లో మరణించువరకు ఆతడు ఐదుమారులు తన నగరమునుండి వెడలగొట్టబడెను. నరావతారమును గూర్చి అతడు రచించిన చిన్న గ్రంథమునందు రెండు ఉపమానములు ప్రసిద్ధములు. ఒక మహారాజు ఒక పట్టణములోని ఒక్క యింట విడిసినను ఆ పట్టణమంతటికి గౌరవము గలుగును. దొంగలు దానిపై బడుటకు వెరతురు. అట్లే దేవుడొక మానవదేహమున వసించుటచే మానవజాతి యంతయు గౌరవమును, రక్షణను పొందినది. రెండవది: పలకమీద చిత్రించిన రూపము మరకలచే చెడిపోయినప్పుడు, ఆ పలకను పారవేయక, ఎవని రూపము చిత్రింపబడెనో అతడే తిరిగి వచ్చి ఎదుట కూర్చున్నచో ఆ పలకమీదనే రూపమును దిద్దవచ్చును. మానవుడు దేవుని పోలికలో సృజింపబడినవాడని యూదుల, క్రైస్తవుల విశ్వాసము. ఆ పోలిక పాపముచే మాసినది. దానిని దిద్దుటకు దూత చాలడు, మూలరూపమే రావలెను. కావుననే "కుమారుడు దేవుడా, సృష్టిలోనివాడా?" అను ప్రశ్న అథనేసియసునకు పండితుల వినోదము గాదు, మానవునికి ఆశ గలదా లేదా యను ప్రశ్న.

సంపూర్ణ మానవత్వము

ఇంతటితో వాదము ముగియలేదు. యేసు దేహము నిజమే గాని అందు మానవబుద్ధి లేదనియు, దాని స్థానమున దైవవాక్యమే యుండెననియు అపొల్లినారిసు చెప్పెను. నజియాంజసు గ్రెగరీ దీనికి ప్రత్యుత్తర మిచ్చెను. వైద్యుడు ఏ అవయవమును తాకడో ఆ అవయవమునకు చికిత్స జరుగనట్లు, దేవుడు మానవునిలో దేనిని స్వీకరింపలేదో అది బాగుపడక మిగిలిపోవునని అతని వాదసారము. దారి తప్పినది మానవుని బుద్ధియే గదా! దానిని విడిచి దేహమును మాత్రమే స్వీకరించినచో రోగమును విడిచి నీడకు వైద్యము చేసినట్లగును. 381లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ అపొల్లినారిసు మతమును నిరాకరించినది.

అటుపిమ్మట 451లో చాల్సిడన్ సభ, దైవస్వభావము మానవస్వభావము అను రెండును ఒకే వ్యక్తియందు కలగాపులగము గాకయు, విడిపోకయు నున్నవని తీర్మానించినది. ఈజిప్టు, అర్మీనియా, సిరియా దేశములందలి పురాతనసంఘములు ఈ పదజాలము నంగీకరింపలేదు. కేరళయందలి మలంకర ఆర్థడాక్సు సంఘము ఈ సంప్రదాయమునకు చెందినదే. అయినను క్రీస్తు సంపూర్ణముగా దేవుడు, సంపూర్ణముగా మానవుడు అనుటలో ఆ సంఘములకును సందేహము లేదు.

సంపూర్ణమానవత్వమనగా శైశవమును, అజ్ఞానమునుండి క్రమముగా నేర్చుకొనుటయు అందు చేరినవే. యేసు జ్ఞానమందును వయస్సునందును పెరిగెనని లూకా చెప్పుచున్నాడు. పౌలు ఫిలిప్పీ నగరమువారికి వ్రాసిన లేఖలో, దైవరూపము గలవాడు దానిని పట్టుకొని వ్రేలాడక, తన్ను తాను రిక్తునిగా చేసికొని దాసుని రూపము ధరించెనని బోధించెను. తొట్టిలోని శిశువు మాటలాడలేడు, నడువలేడు. పాలకై తల్లిమీద ఆధారపడినవాడు. సర్వశక్తుని మహిమ శక్తిని చూపుటలోనే గాక, ప్రేమకై దానిని విడుచుటలోను గలదని క్రైస్తవులు గ్రహించిన రహస్యమిదియే.

అవతారశబ్దము

తెలుగు క్రైస్తవులును ఈ విషయమును గూర్చి "నరావతారము" అను మాటను వాడుచున్నారు. హిందూపాఠకునకు ఆ మాట సుపరిచితము గనుక రెండును ఒకటేయని తోచును. పోలిక గలదు. జీవులపై కరుణచే ఈశ్వరుడు దిగివచ్చునను నమ్మకము ఉభయులకు సమానము. కాని భేదమును గమనింపకున్నచో రెండింటికిని అన్యాయము చేసినవారమగుదుము.

ధర్మరక్షణకై భగవంతుడు పలుమారులు అవతరించునని గీత బోధించును. క్రైస్తవులకు దేవుని నరావతారము ఒక్కమారే, చరిత్రలో ఒక కాలమున, ఒక చోట జరిగినది. శంకరభగవత్పాదులు గీతాభాష్యమునందు, జన్మరహితుడైన ఈశ్వరుడు తన మాయచే దేహము గలవానివలె, పుట్టినవానివలె కనబడునని వివరించిరి. రామానుజాచార్యులు అవతారదేహము ప్రకృతిసంబంధము లేని దివ్యదేహమనిరి. ఇగ్నేషియసు మొదలుకొని గ్రెగరీవరకు గల క్రైస్తవాచార్యులు "వలె" అను మాటను ఒప్పుకొనలేదు. ఆ దేహము అందరి దేహమువంటిదే యనిరి. మరణానంతరము పునరుత్థానుడైన క్రీస్తు ఆ మానవత్వమును విడువలేదనియు వారి విశ్వాసము. అద్వైతికి "వలె" అను మాట ఈశ్వరుని నిత్యముక్తత్వమును కాపాడును. క్రైస్తవునకు "అయ్యెను" అను మాట ఈశ్వరుని ప్రేమలోని సత్యమును కాపాడును. భేదమును తెలిసికొని గౌరవించుట, తెలియక ఒకటి యనుటకంటె శ్రేష్ఠమైన మైత్రి.

తొట్టినుండి వీథికి

సిద్ధాంతము ఆచరణలో ఫలింపకున్న శుష్కవాదమే యగును. గ్రెగరీకి ప్రాణమిత్రుడైన బేసిల్, కప్పదోకియ దేశపు సిజేరియా నగరమునకు బిషప్పై, ఆ నగరపు వెలుపల దరిద్రులకు, రోగులకు, బాటసారులకు ఆశ్రయములను నిర్మించెను. జనులు దూరముగా నెట్టివేసిన కుష్ఠురోగులకును అచట చోటు దొరకెను. బేసిలు మరణానంతరము అతనిని సంస్మరించుచు గ్రెగరీ ఆ స్థలమును నూతననగరముగా కొనియాడెను. సంపూర్ణమానవత్వమును గూర్చి గ్రెగరీ కలముతో వాదించినదానిని బేసిలు గోడలుకట్టి చూపెను. దేవుడే దేహమును ధరించియుండగా ఏ దేహమును అసహ్యించుకొనుటకు వీలు లేదు. ఆకలిగొన్నవానికి పెట్టినది తనకే పెట్టినట్లని యేసు బోధించినట్లు మత్తయి సువార్త చెప్పుచున్నది.

1223వ సంవత్సరపు క్రిస్మసునాడు ఇటలీలోని గ్రెచ్చో గ్రామమున అస్సిసి ఫ్రాన్సిస్ గడ్డి నింపిన తొట్టిని, ఎద్దును, గాడిదను తెప్పించి, ఆ తొట్టియొద్దనే ఆరాధన జరిపించెను. ఆనాటి శిశువు ఎంత పేదరికమున పరుండెనో జనులు కన్నులార చూడవలెనని అతని కోరిక. నేడు క్రైస్తవుల యిండ్లలో కనబడు పశువులపాక బొమ్మలకు ఆ రాత్రి గొప్ప ప్రచారము కలిగించినది.

బొమ్మలను అలంకరించుట సులభము. సత్రములో చోటు దొరకనివారికి చోటిచ్చుట కష్టము. నైసియా సభలో పండితులు నిర్ణయించిన మాటకును, తొట్టిచెంత మోకరించిన గొల్లల భక్తికిని పరీక్ష యొక్కటే. దేవుడు మానవుడయ్యెనని నమ్మినవాడు మానవుని ఎట్లు చూచుచున్నాడు? వేరు మార్గమున నడచు సాధకుడును ఈ ప్రశ్నను తన హృదయమున వేసికొనవచ్చును. ఏ నామముతో కొలిచినను, ఈశ్వరుని వెదకువాడు దీనుని గుడిసెను దాటి పోరాదని ఆ తొట్టిలోని శిశువు మౌనముగా బోధించుచున్నాడు.