ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా!

చెల్లాయ్, కాఫీ కలుపుకున్నావా? గ్లాసు పట్టుకుని ఇలా వచ్చి కూర్చో. చీరల సంగతీ ఊరగాయల సంగతీ వచ్చేసారి చెప్పుకుందాం. ఇవాళ మా ఇంటి నడవలో మూడున్నరేళ్లు ఉన్న ఇనప మంచం గురించి చెప్తాను.

మా అత్తయ్యకు పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. మాట కూడా పోయింది. ఆవిడకు మిగిలింది ఎడం చెయ్యి, దాని వేలికో ఉంగరం. ఆ ఉంగరంతో మంచం పట్టీ మీద టంగుమని కొట్టేది. ఒకసారి కొడితే మంచినీళ్లు, రెండుసార్లు కొడితే బట్ట మార్చాలి, ఆపకుండా కొడితే కోపమొచ్చిందని. ఎవరూ నేర్పలేదు, నాలుగైదు నెలల్లో మా ఇద్దరికీ అలా కుదిరిపోయింది.

ఆస్పత్రి నుంచి తీసుకొచ్చిన రోజు ఇంట్లో పెద్ద చర్చ. గాలి పరుపు ఎక్కడ కొనాలి, ఫిజియోథెరపీ కుర్రాడికి నెలకెంత ఇవ్వాలి, ఖర్చు ఎవరెంత వేసుకోవాలి, అన్నీ తేలాయి. చూసుకునేదెవరు అన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాలేదు. ఆఖర్న లేస్తూ మా మరిది అన్నాడు, "వదిన ఎలాగూ ఇంట్లోనే ఉంటుందిగా" అని. మంచివాడే పాపం, చెడ్డ ఉద్దేశంతో అన్నది కాదు. అప్పటికి నేను సాయంత్రాలు పదిహేనుమంది పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పేదాన్ని. నెలాఖరుకల్లా అది మూతపడింది. మానెయ్యమని నన్నెవరూ అనలేదు. అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

మంచాన పడ్డ మనిషిని చూసుకోవడమంటే వేళకు జావ పట్టడం, మందులెయ్యడం అనుకుంటారు చాలామంది. అసలు పని ఒత్తిగిలించడం. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే ఒళ్లు పుండు పడుతుంది. పాత నూలు చీర నాలుగు మడతలు పెట్టి నడుం కింద పరుస్తాం. అవతలి మోకాలు కొంచెం మడిచి, చెయ్యి గుండెల మీదికి పెట్టి, చీర అంచు పట్టుకుని మనవైపు లాక్కుంటూ తిప్పాలి. చెయ్యి పట్టి లాగకూడదు, పడిపోయిన వైపు భుజం కీలు జారిపోతుంది. తిప్పాక వెనకాల దిండు. అప్పుడు నడుం కింద ఎముక దగ్గర వేలితో నొక్కి చూడాలి. నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ రంగొస్తే ఫరవాలేదు, ఎరుపు అలాగే ఉండిపోయిందంటే పుండు మొదలైనట్టే. ఇదంతా ఐదు నిమిషాల పని. రాత్రి పదకొండుకీ, ఒంటిగంటకీ, మూడింటికీ, ఐదింటికీ.

ఐదు నిమిషాలంటే గుర్తొచ్చింది. రోజులో ఎవరు ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో కేంద్ర ప్రభుత్వం సర్వే చేస్తుంది. 2024 లెక్కల్లో, పదిహేను నుంచి యాభైతొమ్మిదేళ్ల వయసున్న ఆడవాళ్లలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ల సంరక్షణ చూస్తున్నారు, మగవాళ్లలో 21.4 శాతం. అలా చూసుకునే ఆడవాళ్లు రోజుకు సుమారు 140 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు 74. చదివి నవ్వొచ్చింది నాకు. నూట నలభయ్యేనా? అందులో చంటిపిల్లల పనే ఎక్కువ అనుకో. కానీ ఆ సర్వేలో రోజును అరగంట ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో పది నిమిషాలైనా చేసిన పనినే రాసుకుంటారు. ఆ లెక్కన నా అర్ధరాత్రి ఐదు నిమిషాలకు ఏ గడిలోనూ చోటు లేదు. ఆ నాలుగుసార్ల మధ్య నేను పోయింది నిద్రేనా అంటే, ఏమో మరి, గడిలో నిద్రనే రాసుకుని ఉంటారు.

ఇక చూడ్డానికి వచ్చేవాళ్లు. బత్తాయిలూ హార్లిక్సు సీసా పట్టుకొచ్చి, మంచం పక్కన కుర్చీలో కూర్చుని, "ఎలా ఉండేది మనిషి, ఎలా అయిపోయింది" అని కళ్లొత్తుకుని, నేనిచ్చిన కాఫీ తాగి, వెళ్తూ వెళ్తూ "నీకు కాశీకెళ్లొచ్చినంత పుణ్యమే" అనేవాళ్లు. కాఫీ గ్లాసులు కడిగేది నేనేగా! అన్నం తిన్నావా అని అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా ఆడపడుచైతే వీడియో కాల్లో "అమ్మ సన్నబడినట్టుంది, సరిగ్గా పెడుతున్నావా వదినా?" అనేది. దానికి దూరంలో ఉన్నందుకు లోపల బాధ, అది నా మీద చూపించేది. అర్థమవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఒక సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్తున్నా. ఓ రాత్రి మూడింటికి పక్క మార్చి, బట్ట మార్చి, నీళ్లు పట్టి వచ్చి పడుకున్నా. మళ్లీ టంగ్. వెళ్లా. ఏమీ అక్కర్లేదన్నట్టు తలూపింది. మళ్లీ వచ్చి పడుకున్నా. మళ్లీ టంగ్. అలా ఆరేడుసార్లయ్యాక లేచి వెళ్లి, ఆవిడ వేలి ఉంగరం లాగేసి బీరువాలో పెట్టి పడుకున్నాను. ఆ తర్వాత ఇంట్లో చప్పుడు లేదు. తెల్లారి చూస్తే వేలి చుట్టూ తెల్లటి గీత, ఆవిడ కళ్లు పైకప్పు మీద. తొడిగేశాను. చెయ్యి వెనక్కి లాక్కోలేదు ఆవిడ. అంతే. ఈ మధ్యే తెలిసింది, 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మనసు విప్పి మాట్లాడొచ్చట, డబ్బేం కట్టక్కర్లేదట. రోగికే కాదు, రోగిని చూసుకునే మనిషికి కూడా. ఆ రోజుల్లో ఉంటే చేసేదాన్నో లేదో కానీ, నువ్వు రాసిపెట్టుకో.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు 15 వేల పింఛను. మంచిదే, చాలా ఇళ్లకు అది ఊపిరి. కానీ కాగితంలో పేరు రోగిదే. కేరళలో 'ఆశ్వాసకిరణం' కింద, మంచాన పడ్డవారిని చూసుకునే మనిషికే నెలకు 600 ఇస్తారు. ఆరువందలకు ఏమొస్తుంది, రెండు ప్యాకెట్ల డైపర్లు కూడా రావేమో. అయినా ఆ మనిషి పేరున ఒక వరుస రాశారు చూడు, నాకది నచ్చింది. మన దగ్గర ఆ వరుస ఎప్పుడు గీస్తారో.

తెల్లవాళ్లేం తక్కువ తినలేదు. బ్రిటన్‌లో 1976లోనే ఇలా చూసుకునేవాళ్లకు భత్యం పెట్టారు, పెళ్లయిన ఆడవాళ్లకు తప్ప! వాళ్లు ఎలాగూ ఇంట్లోనే ఉంటారుగా, అదీ వాళ్ల లెక్క. మా మరిది మాటే. జాక్వెలిన్ డ్రేక్ అనే ఆవిడ తల్లి కోసం ఉద్యోగం మానుకుని, భత్యం ఇవ్వమంటే లేదన్నారు. ఆవిడ కోర్టుకెక్కింది. 1986లో యూరప్ కోర్టు ఆవిడ పక్షాన తీర్పిచ్చాక గానీ ఆ నియమం పోలేదు.

మన సుప్రీంకోర్టులోనూ 2021 జనవరిలో ఓ తీర్పు వచ్చింది. ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో పోయిన భార్యాభర్తల కేసది. అప్పటి మన కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వెళ్లిన జస్టిస్ ఎన్.వి. రమణ, ఇంటి పని చేసే ఆడదాని శ్రమకు విలువ కట్టాల్సిందేనని అందులో విడిగా రాశారు. ఆ నిమిషాల సర్వేనే, 2019 నాటిది, లెక్కకు తీసుకున్నారు. చదువుతుంటే గర్వమేసింది. కాకపోతే విలువ కట్టింది మనిషి పోయాక, నష్టపరిహారం కోసం. బతికుండగా కట్టేవాళ్లెవరో!

మగవాళ్లు చెయ్యరని కాదు సుమా. మా వీధిలో రిటైరైన మాస్టారున్నారు, భార్యకు మతిమరుపు జబ్బు. పొద్దున్నే అరుగు మీద కూర్చోబెట్టి చిక్కు తీసి జడేస్తారు. పాయలు సమంగా రావు, ఒకటి లావు, ఒకటి సన్నం. వీధి వీధంతా ఆయన్ని దేవుడంటుంది. నిజంగానే గొప్పాయన. అదే జడ కోడలు వేస్తే ఎవరైనా తలెత్తి చూస్తారా చెప్పు?

అత్తయ్య పోయి నాలుగేళ్లయింది. "ఏమైనా సాయం కావాలంటే అడుగమ్మా" అనే మాట నేను మానేశాను. నాతో ఎందరో అన్నారు, నేను ఒక్కరినీ అడగలేదు. ఇప్పుడు వేళ చెప్పి వెళ్తున్నా. వెనక వీధిలో ఓ పిల్ల, తుంటి ఎముక విరిగిన తండ్రిని ఒక్కతే చూసుకుంటోంది. ఆదివారం నాలుగింటికి వస్తా, ఆరింటికి పోతా, నువ్వు బయటికెళ్లు అని చెప్పా. మొదటివారం చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి "ఎక్కడికెళ్లను పిన్నీ?" అంది. వీధి చివరిదాకా వెళ్లి పావుగంటలో తిరిగొచ్చేసింది. రెండోవారం దర్జీ దగ్గరికి వెళ్లింది. మొన్న ఆదివారం ఏడైనా జాడ లేదు. ఆయనకు పాలు పట్టి, నోరు తుడిచి, వీధిలోకి చూస్తూ కూర్చున్నా. ఏడుంబావుకి వచ్చింది, చేతిలో చల్లారిపోయిన పునుగుల పొట్లం. "ఆలస్యమైపోయింది పిన్నీ" అంది గానీ, మొహంలో ఆ దిగులేమీ కనిపించలేదు.